గ్యారేజీలో పన్నెండు పౌన్ల బార్లీ

ఆ ఏడాది ఉగాది కార్యక్రమంలో మైకు మూగబోయింది. బెంటన్‌విల్‌లో ఒక స్కూలు కెఫెటీరియాను అద్దెకు తీసుకుని రెండువందల మంది తెలుగువాళ్ళు కూర్చున్నారు. పంచాంగ శ్రవణం సగంలో ఉంది. రాశిఫలాలు కర్కాటకం దాకా వచ్చి ఆగిపోయాయి. సింహరాశి వాళ్ళు కుర్చీల్లో అసహనంగా కదులుతున్నారు. అప్పుడు వెనక వరసలోంచి నరసింహం లేచి వెళ్ళి, స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూర్చుని, కారు తాళంచెవి మొనతో ఏదో స్క్రూ బిగించి, ఒక వైరు పీకి ఇంకోచోట పెట్టాడు. సింహరాశికి ఆదాయం ఎంతో వ్యయం ఎంతో హాలంతా వినబడింది.

నరసింహానికి నలభై ఏళ్ళు. జగిత్యాల దగ్గర పుట్టి, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, తొమ్మిదేళ్ళ క్రితం అమెరికా వచ్చాడు. ఊళ్ళో ఉన్న పెద్ద స్టోర్ల కంపెనీకి కాంట్రాక్టరుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. ఏ షాపులో ఏ అరలో ఎన్ని సబ్బులు మిగిలాయో చెప్పే సాఫ్ట్‌వేర్ అది. స్క్రూడ్రైవర్ పట్టుకుని పనిచేసి ఎన్నేళ్ళయిందో అతనికే గుర్తులేదు.

భోజనాల దగ్గర పులిహోర ప్లేటుతో నిలబడి ఉంటే, తెల్లటి గడ్డం, నీలం జుబ్బా వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

"ఏమయ్యా, నువ్వు కరెంటు పని చేస్తావా?"

"చదివిన సార్. చేసుడు బందు పెట్టి చానా రోజులైంది."

"రెండువందల నలభై వోల్టులంటే భయమా?"

"భయమే సార్. మా నాయిన లైన్‌మన్. భయం లేనోడు స్తంభం ఎక్కొద్దు అనేటోడు."

"అయితే నువ్వే కావాలి నాకు" అన్నారు ఆయన.

ఆయన డాక్టర్ పద్మనాభం. డెబ్భై ఒక్క ఏళ్ళు. తెనాలి నుంచి 1972లో వచ్చి, ముప్పై ఆరేళ్ళపాటు కడుపు జబ్బులకూ కాలేయం జబ్బులకూ వైద్యం చేసి, మూడేళ్ళ క్రితం రిటైరయ్యారు. "తాగుడు మానెయ్యండి" అని చెప్పడం ఆయన ఉద్యోగంలో సగం. మిగతా సగం, ఆ మాట రెండోసారి చెప్పడం. అలాంటి మనిషికి ఉన్న ఒకే ఒక సరదా, ఇంట్లో బీరు కాచుకోవడం. ఆదివారం సాయంత్రం ఒక్క సీసా తాగుతారు. అంతకు మించి ఎప్పుడూ లేదు. ఆ కౌంటీలో మొన్నమొన్నటిదాకా షాపుల్లో బీరు అమ్మేవాళ్ళు కాదు. ఆ ఒక్క సీసా కోసం కౌంటీ దాటి కారు నడపడం విసుగొచ్చి ఈ విద్య మొదలుపెట్టారట.

"ఇన్నాళ్ళూ డబ్బాల్లో వచ్చే మాల్ట్ పాకంతో చేశాను. అది కొనుక్కొచ్చిన పిండితో ఇడ్లీలు వేసినట్టు. పప్పు నేనే నానబోసి, నేనే రుబ్బి చేస్తే కదా! ఆల్-గ్రెయిన్ అంటారు. గింజల దగ్గర్నుంచీ మొదలుపెట్టాలి. దానికోసం ఎలక్ట్రిక్ సిస్టమ్ తెప్పించాను. బిగించాలి" అన్నారు.

నరసింహం బీరు ఎప్పుడైనా తాగుతాడేమో గానీ, అది ఎలా తయారవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. కానీ 'బిగించాలి' అన్న మాట విని, వచ్చే శనివారం వస్తానని ఒప్పుకున్నాడు.

డాక్టర్ గారి గ్యారేజీలో పెద్ద అట్టపెట్టె ఉంది. అందులో పదిహేను గ్యాలన్ల స్టీలు పాత్ర, దాని అడుగున అమర్చే హీటింగ్ ఎలిమెంటు, వేడిని చూసి కరెంటును తగ్గిస్తూ పెంచుతూ ఉండే కంట్రోలరు ఉన్నాయి. కంట్రోలరు మాత్రం విడిభాగాలుగా వచ్చింది.

"అక్టోబరులో వచ్చింది. టైం దొరకలేదు" అన్నారు డాక్టర్ గారు.

రిటైరయిన మనిషికి ఆరు నెలలుగా టైం దొరక్కపోవడమేమిటని నరసింహానికి అనిపించింది గానీ అడగలేదు. కంట్రోలరు పెట్టె మూత తీసి చూశాడు. లోపల రెండు స్క్రూలు సగం దాకా బిగించి ఉన్నాయి. వాటి చుట్టూ స్క్రూడ్రైవర్ పదే పదే జారిన గీతలు. అతను ఆ రెండూ విప్పి మొదటి నుంచి మొదలుపెట్టాడు.

రెండు శనివారాలు పట్టింది. బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకోవాలని తేలింది. ఆ సంగతి విని డాక్టర్ గారి భార్య జ్ఞానప్రసూన తలుపు దగ్గరకు వచ్చారు.

"అంటే బీరు ఉడికినంతసేపూ నా బట్టలు ఆరవన్నమాట."

"ఒక్క పూటే ఆంటీ."

"ఈయన ఒక్క పూట అని చెప్పిన పనులన్నీ నలభై ఐదేళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి నాయనా" అని, ఆవిడ వేడి వేడి పెసరట్ల ప్లేటు అక్కడ పెట్టి వెళ్ళారు.

బ్రేకరు విషయంలో మాత్రం నరసింహం మొండిపట్టు పట్టాడు. నీళ్ళూ కరెంటూ ఒకేచోట ఉన్నప్పుడు, షాకు కొట్టేలోపే కరెంటును ఆపేసే బ్రేకరు ఉండాల్సిందేనన్నాడు. అది వచ్చేదాకా స్విచ్చు వెయ్యనన్నాడు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి దాన్ని పెట్టించి, తాను చేసిన వైరింగంతా ఆయనకు చూపించాడు. ఆయన బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించి వెళ్ళారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ నరసింహం కార్లో కూనిరాగాలు తీశాడు.

ఏప్రిల్ మూడో శనివారం ఉదయం పది గంటలకు స్విచ్చు వేశారు. ఎర్రటి అంకెలు వెలిగాయి. నీళ్ళు వేడెక్కడం మొదలైంది. పన్నెండు పౌన్ల బార్లీ, ముందే మొలకెత్తించి ఎండబెట్టినది, కొని తెప్పించారు. దాన్ని చిన్న మిల్లులో రవ్వకన్నా మొద్దుగా, పొట్టు నలగకుండా పగలగొట్టారు. గ్యారేజీ అంతా తడి గడ్డీ, కాల్చిన రొట్టే కలిసినట్టు వాసన. పాత్రలో పెద్ద జాలీ సంచి దించి, అందులో గింజలు పోసి, నూట యాభై రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గంటసేపు ఉంచాలి. అప్పుడు గింజలోని పిండి తీపిగా మారుతుంది. తడిసిన సంచి బరువుగా ఉంటుంది కాబట్టి నరసింహం పైనున్న దూలానికి గిలక వేలాడదీసి తాడు కట్టాడు.

"నీ పని అయిపోయింది. ఇక నుంచి నా పని. నువ్వు కూర్చుని చూడు" అన్నారు డాక్టర్ గారు.

నరసింహం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టర్ గారు అలమరలోంచి హైడ్రోమీటర్ తీశారు. అది పొడవాటి సన్నటి గాజు గొట్టం. బీరుకు ముందు ఆ నీళ్ళలో చక్కెర ఎంత ఉందో, ఆ తరువాత అందులో మత్తు ఎంత ఉంటుందో చెప్పేది అదొక్కటే. దాన్ని బల్ల మీద పెట్టబోతుంటే ఆయన చెయ్యి వణికింది. రెండో చేత్తో పట్టుకోబోయారు. గాజు నేలమీద పడి టప్పున పగిలింది.



"ఇవాళ్టికి చాలు. నువ్వు ఇంటికి వెళ్ళు" అన్నారు డాక్టర్ గారు. ముక్కలు కూడా తియ్యకుండా లోపలికి వెళ్ళిపోయారు.

నరసింహం చీపురు వెతికి గాజు ముక్కలు ఊడ్చాడు. ఇంతలో జ్ఞానప్రసూన వచ్చారు.

"అక్టోబరు నుంచీ వణుకుతోంది ఆ చెయ్యి" అన్నారు నెమ్మదిగా. "నాకు తెలీదనుకుంటున్నారు. ఎప్పుడు చూసినా జేబుల్లోనే. వాళ్ళ అన్నయ్యకి పార్కిన్సన్స్ వచ్చింది. తనకీ అదేనని తనే తేల్చేసుకున్నారు. ఎవరికీ చూపించుకోరు. జీవితమంతా జనానికి టెస్టులు రాసిన మనిషి, తన దాకా వచ్చేసరికి పిరికివాడైపోయాడు."

ఓదార్చడం నరసింహానికి చేతకాదు. కంట్రోలరు వైపు చూశాడు. నూట అరవై చూపిస్తోంది, గింజలు పడగానే కాస్త దిగే లెక్కతో డాక్టర్ గారు పెట్టిన అంకె. అతను లోపలికి వెళ్ళాడు. డాక్టర్ గారు సోఫాలో కూర్చుని, ఆపేసి ఉన్న టీవీ వైపు చూస్తున్నారు.

"సార్, నీళ్ళు నూట అరవై అయినయ్. గింజలు పోసేస్తున్న."

డాక్టర్ గారు సోఫాలో ఇంకాస్త వెనక్కి జరిగారు.

"మొత్తం బకెట్టు ఒక్కసారే గుమ్మరిస్త."

"ఒక్కసారి పొయ్యకు!" డాక్టర్ గారు లేచి నిలబడ్డారు. "ఉండలు కడుతుందయ్యా. ఉప్మా ఎప్పుడూ చెయ్యలేదా నువ్వు?"

"మా ఇంట్ల రేణు చేస్తది సార్."

"పద, పద."

నరసింహం ఒక చేత్తో పోస్తూ ఒక చేత్తో కలిపాడు. డాక్టర్ గారు అతని వెనక స్టూలు మీద కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకుని, చెప్పడం మొదలుపెట్టారు. ఇంకా నెమ్మదిగా. అడుగు నుంచి తిప్పు. అదిగో, ఆ మూల పొడిగింజలు. గరిట గిన్నె అంచుకు తగిలించకు. కాసేపటికి ఆయన గొంతు మారింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లకు పక్కన నిలబడి పని నేర్పిన గొంతు అయి ఉంటుంది అది. ఏది ఎందుకు చేస్తున్నామో ముందు చెప్పి, తరువాత చేయించి, ఆపైన ఒక ప్రశ్న అడిగేవారు. నరసింహం తప్పు చెబితే సంతోషంగా సరిదిద్దేవారు.

"చేతులు నీవి, నోరు నాది. ఇదేం కొత్త కాదయ్యా, చివరి పదేళ్ళూ నేను చేసింది ఇదే" అన్నారు.

అంకెలు నూట యాభై రెండు దగ్గర కుదురుకుని నలభై నిమిషాలు కదలలేదు. నరసింహం వాటికేసి తృప్తిగా చూస్తుండగా బయట ఆకాశం ఆకుపచ్చగా, నల్లగా మారింది. వాన దబదబా మొదలైంది. పెద్ద ఉరుము ఒకటి ఉరిమింది. ఎర్రటి అంకెలు ఆరిపోయాయి. గ్యారేజీ దీపం, లోపలి ఫ్రిజ్ చప్పుడు, అన్నీ ఆగిపోయాయి.

కరెంటు కంపెనీకి ఫోన్ చేస్తే, ఎక్కడో చెట్టు తీగల మీద పడిందనీ నాలుగు గంటలు పట్టవచ్చనీ చెప్పారు.

"ఇంకా ఇరవై నిమిషాలు వేడి నిలవాలి" అన్నారు డాక్టర్ గారు. "లేకపోతే పన్నెండు పౌన్ల బార్లీ గంజి."

"వేడి పెంచకపోయినా పర్లేదు గద సార్? తగ్గకుంటే చాలు గద?"

"తగ్గకుంటే చాలు."

"ఆంటీ! రగ్గులు ఏమన్న ఉన్నయా?"

జ్ఞానప్రసూన లోపలికి వెళ్ళి శాలువాల దొంతర తెచ్చారు. ఎర్రవి, పచ్చవి, జరీ అంచువి.

"తెలుగు సంఘాల వాళ్ళు ఈయనకి సన్మానాల్లో కప్పినవి. పదకొండున్నాయి. ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి."

స్టీలు పాత్రకు పదకొండు శాలువాలు కప్పారు. ఇరవై నిమిషాల తరువాత మూత తీసి, వంటింటి థర్మామీటరు పెడితే నూట నలభై తొమ్మిది. డాక్టర్ గారు చెంచాతో ఒక చుక్క తీసుకుని నాలుకకు రాసుకున్నారు. మరో చుక్క నరసింహానికి ఇచ్చారు. చెరుకు రసంలో రొట్టె ముంచినట్టు తియ్యగా ఉంది.

"అయింది! పిండి అంతా తీపయింది!" డాక్టర్ గారు ఆనందంగా అన్నారు. మరుక్షణం ఆయన ముఖం వాడిపోయింది. "కానీ ఇప్పుడు దీన్ని గంటసేపు మరిగించాలి. కరెంటేదీ?"

నరసింహం ఇంటికి ఫోన్ చేశాడు.

రేణు అరగంటలో వ్యాన్‌లో వచ్చింది. వాన సన్నబడింది. వ్యాన్ వెనకనుంచి ఆమె దించినవి: పెద్ద గ్యాసు పొయ్యి, సిలిండరు, నలభై మందికి బిర్యానీ వండే గిన్నె. ఊళ్ళో ఎవరింట్లో పుట్టినరోజైనా ఆ గిన్నె వెళ్ళాల్సిందే.

"కరెంటు బీరు అని పోయినవ్ గద, గ్యాసు పొయ్యి ఎందుకు?" అంది భర్తతో. తరువాత డాక్టర్ గారికి దణ్ణం పెట్టి, "అంకుల్, గిన్నె మూడుసార్లు తోమి తెచ్చిన. అయినా వాసన వస్తదేమో చూసుకోండ్రి. మళ్ళ నన్ను అనొద్దు. రేపు పొద్దున్నకల్లా నాకు కావాలె" అంది.

డాక్టర్ గారు గిన్నెలో తల పెట్టి వాసన చూశారు. "యాలకులు" అన్నారు. "ఫరవాలేదమ్మా. మరుగులో పోతుంది."

పొగ లోపలికి రాకుండా పొయ్యిని గ్యారేజీ బయట, చూరు కింద పెట్టారు. నరసింహం గిలకతో సంచిని పైకి లాగి కారనిచ్చాడు. పాత్ర అడుగు కొళాయి తిప్పి తియ్యటి నీళ్ళన్నీ బిర్యానీ గిన్నెలోకి పట్టాడు. రేణు పొయ్యి వెలిగించింది. మరుగు రాగానే గోధుమరంగు నురుగు గిన్నె అంచుదాకా ఉబ్బింది.

"పొంగుతోంది! పొంగుతోంది!" డాక్టర్ గారు కేకపెట్టారు.

"పొంగితే శుభమేనండీ" అన్నారు జ్ఞానప్రసూన.

"పాలు పొంగితే శుభం! ఇది పొంగితే బీరుండదు!"

రేణు ఏమాత్రం తొణక్కుండా మంట తగ్గించి, గరిటతో రెండుసార్లు తిప్పింది. నురుగు దిగిపోయింది. "నలభై మంది బిర్యానీకి ఎసరు పెట్టినదాన్ని అంకుల్, ఇదెంత" అంది.

తరువాత హాప్స్ వెయ్యాలి. ఎండబెట్టిన చేదు పూలు. డాక్టర్ గారు నరసింహం చేతికి పూల గిన్నె ఇవ్వబోయి ఆగారు. తనే గుప్పెడు తీసుకుని మరుగుతున్న నీళ్ళమీద పట్టుకున్నారు. చెయ్యి వణికింది. పూలు కొంచెం కొంచెంగా, అంతటా సమానంగా రాలాయి.

ఆయన తన చేతికేసి చూసుకున్నారు. తరువాత అందరి ముఖాలకేసీ చూసి, పెద్దగా నవ్వేశారు.

"ఈ ఒక్క పనీ నా చెయ్యి మీ అందరికన్నా బాగా చేస్తుంది!"

జ్ఞానప్రసూన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

మరిగిన దాన్ని రాగి గొట్టం చుట్టతో, తోట పైపు నీళ్ళతో చల్లార్చి, తెల్లటి బకెట్లో పోసి, ఈస్ట్ చల్లి మూత పెట్టేసరికి సాయంత్రం అయిదయింది. కరెంటు అప్పటికి వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇక ఆ బకెట్టు రెండు వారాలు చల్లని చీకటి చోట ఉండాలి. అలాంటి చోటు ఆ ఇంట్లో ఒకటే ఉంది, గెస్ట్ రూంలో జ్ఞానప్రసూన చీరలు పెట్టుకునే గది.

ఆవిడ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"సోమవారం ఫోన్ చేసి నరాల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటానంటేనే ఇది లోపలికి వస్తుంది. లేకపోతే ఇక్కడే ఉంటుంది."

"పేషెంటును బెదిరించకూడదు ప్రసూనా."

"పేషెంటునని ఒప్పుకున్నారు కదా. చాలు."

నరసింహం బకెట్టు మోస్తూ నిలబడి ఉన్నాడు. చేతులు లాగేస్తున్నాయి. "సార్, జల్ది ఒప్పుకోండ్రి" అన్నాడు.

డాక్టర్ గారు ఒప్పుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం నరసింహానికి ఫోన్ వచ్చింది. "శ్వాస తీసుకుంటోందయ్యా! మూత మీద గొట్టంలో బుడగలు, నిమిషానికి అరవై. నాడి చూసినట్టు చూస్తూ కూర్చున్నాను." పది రోజుల తరువాత అతను ఆఫీసులో మీటింగులో ఉండగా మళ్ళీ ఫోన్. ఈసారి బుడగల కబురు కాదు. "పార్కిన్సన్స్ కాదటయ్యా. వట్టి వణుకు వ్యాధి. ఎసెన్షియల్ ట్రెమర్. ప్రాణం తియ్యదు, పెన్నూ గ్లాసూ మాత్రం తిన్నగా పట్టనివ్వదు. ఆరు నెలలు అనవసరంగా భయపడి చచ్చాను." నరసింహం మీటింగు గదిలోంచి బయటకు వచ్చి, మెట్ల దగ్గర నిలబడి, చాలాసేపు ఆయన చెప్పింది విన్నాడు.

మే నెలాఖరున, మెమోరియల్ డే సెలవు ముందు ఆదివారం డాక్టర్ గారి పెరట్లో పాతికమంది చేరారు. నలభై ఆరు సీసాలు నిండాయి. హైడ్రోమీటర్ పగిలిపోవడంతో అందులో మత్తు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మొదటి సీసా మూత తియ్యగానే చిన్న చప్పుడొచ్చింది. గ్లాసులో పోస్తే తేనెరంగు, పైన రెండు వేళ్ళ ఎత్తు నురుగు. డాక్టర్ గారు గ్లాసును నరసింహానికి అందించి, తను తాగకుండా అతని ముఖం చూస్తూ నిలబడ్డారు.

నరసింహం తాగాడు. తియ్యగా మొదలై చేదుగా దిగింది. ఆ తరువాత ఇంకేదో.

"సార్... బాగుంది. మస్తుంది. కానీ..."

"కానీ?"

రేణు అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని ఒక్క గుక్క తాగింది. "యాలకులు!" అంది. "నేను ముందే చెప్పిన అంకుల్!"

డాక్టర్ గారు రుచి చూశారు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశారు. "మరుగులో పోలేదు" అని ఒప్పుకున్నారు. అప్పటికే మిగతావాళ్ళు గ్లాసులు పట్టుకుని దగ్గరకు వస్తున్నారు. ఆ యాలకుల బీరు ఎక్కడ దొరుకుతుందని ఒకరు అడిగారు. యాలకులు ఎన్ని వేశారని ఇంకొకరు. రేణు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పకుండా నవ్వుతోంది.

"నరాల డాక్టర్ ఇంకోమాట కూడా చెప్పాడు" అన్నారు డాక్టర్ గారు అందరితో. "ఈ రకం వణుకు, కొంచెం ఆల్కహాల్ పడితే కాసేపు తగ్గుతుందట. అలాగని దాన్ని వైద్యంలా వాడకూడదని కూడా చెప్పాడు. ఆ రెండో మాట నేను ముప్పై ఆరేళ్ళు చెప్పాను కాబట్టి గుర్తుంది."

"అంటే మందే మందు" అన్నారు జ్ఞానప్రసూన. "ఆదివారం ఒక్క సీసా. అంతే."

అంతా నవ్వారు. డాక్టర్ గారు కొత్త సీసా తీసుకున్నారు. ఇంకా ఆ రెండు గుక్కలే తాగారు కాబట్టి చెయ్యి ఎప్పటిలాగే వణుకుతోంది. నరసింహం సీసా అందుకోబోయాడు. ఆయన ఇవ్వలేదు.

"నా చెయ్యి వణుకుతుంది. ఎవరూ కంగారు పడక్కర్లేదు. గ్లాసులు కొంచెం దగ్గరగా పెట్టండి" అన్నారు.

పాతికమందీ గ్లాసులు దగ్గరకు జరిపారు. ఆయన సీసా వంచారు. సగం గ్లాసుల్లో పడింది, సగం బల్ల మీద.